గెలుస్తున్నప్పుడు ఏదీ మార్చకూడదు

హాలిఫాక్స్,
డిసెంబర్ 2.

వదినా,

పార్సెల్ అందింది. చేతికి బరువుగా తగిలేసరికి పొగబెట్టిన చేప పంపావనుకుని ఆత్రంగా విప్పాను. లోపల ఏడు పుస్తకాలు. అట్టల మీద చొక్కా లేని కుర్రాళ్ళు, చేతుల్లో హాకీ కర్రలు. హాకీ ఆడే మంచు రింకులో చలి ఎలా ఉంటుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అక్కడ చొక్కా విప్పి నిలబడేవాడికి ముందు డాక్టరు కావాలి, ప్రేయసి సంగతి తర్వాత. పైగా అందరికీ పొట్ట ఒకటే. ఒక్కడికే ఫొటో తీసి తలలు మార్చి ఉంటారని నా అనుమానం.

వీటిని నాకెందుకు పంపావు? పెళ్ళైన కొత్తలో నా గదిలోంచి లావుపాటి రష్యన్ నవలలు ఎత్తుకెళ్ళి, మూలలు మడిచి, కన్నీటి మరకలతో తిరిగిచ్చిన మనిషివి నువ్వు. ఇప్పుడు 'మనసు నవ్వుతుంది, చదువు' అని చీటీ పెట్టావు. మనసు నవ్విస్తానని ఎవరైనా ముందుగా మాటిస్తే నాకు భయం వేస్తుంది. నవ్వుతూ ముగిసే కథని కాస్త పక్కకి తిప్పి చూడమని పిల్లలకి పాఠం చెప్పడమే కదా నా ఉద్యోగం.

ఇంకో సంగతి. నీ ఉత్తరంలో మైరన్ అనే పేరు నాలుగుసార్లు వచ్చింది. కుక్క పేరు ఒక్కసారే వచ్చింది. ఎవరీ మైరన్?

ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. కానీ అన్నయ్య పోయి మూడేళ్ళు కావస్తున్నా, మనం ఫోన్లో మాట్లాడుకుంటే మధ్యలో తనే వచ్చి కూర్చుంటాడు. ఇద్దరం ఏడ్చి పెట్టేస్తాం. ఉత్తరమే నయం. కాగితం మీద నేను కాస్త ధైర్యంగా ఉంటాను.

నీ ఆడపడుచు,
సిగ్నీ


స్టోనీ నారోస్,
డిసెంబర్ 15.

సిగ్నీ,

చేప క్రిస్మస్‌కి పంపుతాలే, ఏడవకు.

పుస్తకాల సంగతి చెబుతాను. మీ అన్నయ్య పోయాక ఏ పుస్తకం తెరిచినా నా కళ్ళు అక్షరాల మీద జారిపోయేవి. నీ రష్యన్లని తెరిస్తే మరీ ఘోరం. ఎవరో ఒకరు రైలు కింద పడటమో, దగ్గుతూ మంచాన పడటమో. అప్పటికి రింకులో పనికి కుదిరాను. మ్యాచ్ మధ్యలో మంచు బండి నడిపి నేల నున్నగా చేయడం నా పని; మిగతా టైమంతా ఖాళీ. క్యాంటీన్ నడిపే డెల్ఫీన్ గుర్తుందిగా, ఇప్పుడు ఇంకా లావెక్కింది, ఇంకా నోరు పెరిగింది. ఆవిడ బంగాళాదుంపల మూట పక్కన ఒక అట్టపెట్టె నిండా ఈ పుస్తకాలు పెట్టుకుంటుంది. పిల్లల ప్రాక్టీసు అయ్యేదాకా చెక్క బెంచీల మీద కూర్చునే తల్లులందరూ అందులోంచి తీసుకుంటారు.

"తీసుకోవే, చదువు," అంది.

"ఇందులో ఎవరైనా చనిపోతారా?" అని అడిగాను.

"చావరు. పళ్ళు ఊడతాయి, అంతే."

ఆ మాట మీద తీసుకున్నాను. అప్పట్నుంచి ఆపలేదు.

ఇక మైరన్. మన జూనియర్ జట్టు బస్సు నడుపుతాడు. స్కేట్లకి పదును పెడతాడు, చిరిగిన గ్లవుజులు కుడతాడు. యాభైకి దగ్గర. పెళ్ళాం ఎప్పుడో విడిపోయింది. అసలే మాటలు తక్కువ, అదీ వాతావరణం గురించే. అక్టోబర్ అంతా మన కుర్రాళ్ళు వరసగా ఓడిపోయారు. నవంబర్లో ఒక శుక్రవారం డెల్ఫీన్ కాఫీ గిన్నె పగిలింది. ఈయన ఖాళీ కప్పు పట్టుకుని దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. పాపం అనిపించి నా ఫ్లాస్కులో టీ మూతలో పోసిచ్చాను. మంచు బండి పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చుని తాగాడు. ఆ సాయంత్రం మనవాళ్ళు గెలిచారు!

ఇంకేముంది. నీకు చెప్పాలా? ఈ ఊళ్ళో పుట్టినదానివి. గెలుస్తున్నప్పుడు ఏదీ మార్చకూడదు. తర్వాతి మ్యాచ్‌కి అదే బకెట్, అదే వైపు. "టీ ఉందాండీ?" అన్నాడు. ఉంది. గెలిచారు. మీ నాన్న సీజనంతా ఉతకని మేజోళ్ళతో తిరిగితే మీ అమ్మ ఆయన్ని గరాజులో పడుకోబెట్టలేదూ? అదే తంతు. నయం, ఇది టీ. కంపు లేదు.

పంపిన వాటిలో గోల్‌కీపర్ పుస్తకానికి చివరి అధ్యాయం లేదు. మా కుక్కగారు, బిస్మార్క్, నమిలేశాడు. నువ్వెలాగూ చదవవు కదా అని అదే వేశాను.

థోరా


హాలిఫాక్స్,
జనవరి 6.

వదినా,

చేప అందింది. సగం అప్పుడే అయిపోయింది.

నిన్ను ఒకటి అడగాలి. సూటిగా జవాబు చెప్పు. ఫ్లాస్కు అంటే ఏ ఫ్లాస్కు? ఆకుపచ్చదేనా?

మైరన్ గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మనిషి చెడ్డవాడని నేననను. కానీ ఒక మగవాడు ప్రతి మ్యాచ్‌కీ వచ్చి, నీ పక్కన కూర్చుని, నువ్వు పోసిన టీ తాగి వెళ్తున్నాడంటే దానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి నువ్వు. రెండోది స్కోరు. అందులో ఏదో ఆయనకైనా తెలుసా?

నువ్వు పంపిన పుస్తకాలే దీనికి కారణమని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఒకటి చదివాను. వృత్తి రీత్యా. ఏముంది అందులో? కోపిష్ఠి ఆటగాడు, నోరున్న పిల్ల. మొదటి పేజీలో కొట్టుకుంటారు, నడిమధ్యలో ఎక్కడో మంచు తుపానులో ఇరుక్కుంటారు, అక్కడ గదికి ఒకే మంచం ఉంటుంది. ఆఖర్న అతను కప్పు గెలుస్తాడు, ఆమె గ్యాలరీ మెట్లు దిగి పరుగున వస్తుంది. ఏ పుస్తకంలోనైనా హీరో ఆఖరి మ్యాచ్ ఓడిపోయాడా? ఓడిపోయాక ఆ పిల్లతో ఎలా ఉంటాడో ఎవరైనా రాశారా? గెలుపునీ ప్రేమనీ ఒకే దారంతో కుట్టేస్తారు. అలాంటివి వరసగా చదివితే, గెలుస్తున్న జట్టు తాలూకు మనిషి పక్కన కూర్చోగానే అది ఇంకేదో అనిపించడం సహజం.

నీకు అలా అనిపిస్తోందని నువ్వు రాయలేదు. రాయకపోవడమే నాకు అనుమానం.

సిగ్నీ


స్టోనీ నారోస్,
జనవరి 20.

పంతులమ్మగారికి,

అవును, ఆకుపచ్చదే. మీ అన్నయ్యదే. మూత మీద చేపల కత్తితో తను గీసుకున్న పేరు ఇంకా ఉంది. ఇంట్లో ఇంకో ఫ్లాస్కు లేదు. ఉన్నా నేను అదే తీసుకెళ్ళేదాన్ని. తాళం వేసి దాచుకోవడానికి అదేం నగ కాదు కదా. రోజూ టీ పోస్తేనే అది తనది.

నీ రెండో ప్రశ్నకి జవాబు నాకు తెలియదు. మూడో ప్రశ్న నువ్వు అడగలేదు గానీ, దానికి చెబుతాను. ఈ పుస్తకాలు ఎందుకు చదువుతానో.

మీ అన్నయ్య వెళ్ళింది సరస్సు మంచు మీద. ఇరవై ఏళ్ళు కన్నాలు తవ్వి చేపల వలలు వేసిన మంచు. ఆ మార్చిలో కూడా పొద్దున్నే కొట్టి చూశాడు, గట్టిగానే పలికింది. అయినా అది విరిగి, బండితో సహా నీళ్ళలోకి పోయాడు. నేను ఇప్పుడు రోజూ మంచు పరుస్తున్నాను సిగ్నీ. నాకు ఆ పని ఎందుకు నచ్చిందో తెలుసా? రింకు మంచు బొటనవేలంత మందం. దాని కింద సిమెంటు. పడితే మోకాలు పగులుతుంది, మూతి పగులుతుంది. కానీ మునగవు. ఎవరూ మునగరు. ఈ పుస్తకాలూ అంతే. వాళ్ళు పోట్లాడుకుంటారు, తలుపులు వేసుకుంటారు, నేను నిజంగానే ఏడుస్తాను. కానీ కింద సిమెంటు ఉందని మొదటి పేజీలోనే తెలుసు. అడుగు తెలిసిన చోట ఏడవడం ఎంత సుఖమో నీ రష్యన్లకి తెలియదు.

అన్నట్టు మొన్న మైరన్ నా ఒళ్ళో పుస్తకం చూసి, అడిగి తీసుకుని, ఆ టీ అయ్యేలోపు పేజీలు తిప్పాడు. చివరికి సీరియస్‌గా మొహం పెట్టి అడిగాడు:

"ఇందులో బస్సు ఎవరు నడుపుతారండీ?"

"ఏ బస్సు?"

"వీళ్ళు ఊరూరూ తిరిగి ఆడుతున్నారు కదా. పదమూడో పేజీలో ఒక ఊరు, ఇరవైలో ఇంకో ఊరు. బస్సు దానంతటదే వెళ్తోందా?"

నవ్వలేక చచ్చాను. అప్పట్నుంచి ఏ పుస్తకం తెరిచినా డ్రైవర్ కోసం వెతుకుతున్నాను. నిజమే, ఎక్కడా లేడు.

థోరా


హాలిఫాక్స్,
ఫిబ్రవరి 5.

వదినా,

సిమెంటు సంగతి చదివాను. ప్రస్తుతానికి దాని పక్కనుంచి వెళ్తున్నాను. గమనిస్తావని నాకు తెలుసు.

ముందు నా అవమానం విను. కాలేజీకి ఫెర్రీ పడవలో వెళ్తాను కదా, ఇరవై నిమిషాలు. ఆ గోల్‌కీపర్ పుస్తకం చదువుతున్నాను, పైన పరీక్ష పేపర్ల కవరు తొడిగి. నా వెనక సీట్లోంచి ఒక పిల్ల, నా రెండో సంవత్సరం క్లాసులోదే, నా భుజం మీదుగా వంగి మెల్లగా అంది: "భయపడకండి మేడమ్. వాడు మంచివాడే." నేను కవరు సర్దుకుని, పరిశోధన కోసం అన్నాను. "మేమందరం పరిశోధనకే చదువుతాం మేడమ్," అంది.

చివరి అధ్యాయం లేకపోవడం వల్ల నాకేం ఇబ్బంది లేదు. ఏం జరుగుతుందో ఎవరైనా చెప్పగలరు.

ఇక అసలు మాట. ఇది నీ మంచి కోరి రాస్తున్నానని నమ్ము. మెడలో తాయెత్తు కట్టుకున్నవాడు దాన్ని జాగ్రత్తగా చూసుకుంటాడు. స్నానం చేసేటప్పుడు తీసి గూట్లో పెడతాడు, కనిపించకపోతే కంగారుపడతాడు. బయటనుంచి చూసేవాళ్ళకి అది ప్రేమలాగే ఉంటుంది. బస్సు మీద జోకు బాగుంది. మనిషి తెలివైనవాడు. కానీ ఆయనకి నువ్వు మనిషివా, తాయెత్తువా? మ్యాచ్ లేని రోజు ఒక్కసారైనా వచ్చాడా? మంగళవారం వచ్చాడా? ఆదివారం?

సిగ్నీ


స్టోనీ నారోస్,
మార్చి 4.

సిగ్నీ,

ఆలస్యమైంది. నాకౌట్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. ఊరు ఊరులా లేదు. జట్టు గెలుస్తోందని మగవాళ్ళెవరూ గడ్డాలు గీసుకోవడం లేదు. బ్యాంకు మేనేజరు ఎలుగుబంటిలా ఉన్నాడు. పాస్టరుగారి గడ్డం చూసి పిల్లలు జడుసుకుంటున్నారు. మైరన్‌కి సగం తెల్లగా, సగం ఎర్రగా వచ్చింది. డెల్ఫీన్ ప్రతి మ్యాచ్‌కీ అదే చిరిగిన ఏప్రాన్ కట్టుకుంటోంది. ఇంకొక్క రంధ్రం పడితే పోలీసులు వస్తారని చెప్పాను.

మంగళవారం రాలేదు. ఆదివారమూ రాలేదు. మ్యాచ్ ఉన్న రోజే వస్తాడు. నువ్వు అడిగేదాకా నాకది తట్టలేదు. ఇప్పుడు ప్రతి మంగళవారం తడుతోంది. ఆ తాయెత్తు అనే మాట ముల్లులా దిగింది. పుస్తకం తెరిస్తే పేజీ కదలడం లేదు. నా సిమెంటుకి బీట పడేశావు తల్లీ.

మొన్న మూత తిరిగిచ్చేస్తూ అన్నాడు: "సీజన్ అయిపోయాక మిమ్మల్ని ఒక మాట అడగాలండీ."

"ఇప్పుడే అడగొచ్చుగా," అన్నాను.

"వద్దండీ. ఇప్పుడు వద్దు." అని గబగబా వెళ్ళిపోయాడు.

ఇప్పుడెందుకు వద్దు? సంతోషించాలో, జాగ్రత్తపడాలో తెలియడం లేదు. నువ్వు లేకపోతే సంతోషించేదాన్నేమో.

థోరా


హాలిఫాక్స్,
మార్చి 13.

వదినా,

"ఇప్పుడు వద్దు" అన్నాడా? అంటే జవాబు ఏదైనా అది ఆటని చెడగొడుతుందని భయం. నువ్వు కాదంటే టీ ఆగిపోతుంది, టీ ఆగితే జట్టు ఓడుతుంది. ముందు కప్పు, తర్వాత నువ్వు. నేను వక్రంగా చూస్తున్నానేమో. నా చూపే వక్రమని ఒప్పుకుంటాను. కానీ వక్రంగా చూసినప్పుడే కొన్ని కనిపిస్తాయి.

తేల్చుకోవడానికి ఒకటే దారి. ఒక్క మ్యాచ్‌కి ఫ్లాస్కు తీసుకెళ్ళకు. కారణం చెప్పకు. బకెట్ దగ్గర నిలబడకు. ఆయన మొహం చూడు. మనిషి కోసం వచ్చినవాడు టీ లేకపోయినా కూర్చుంటాడు.

ఎందుకో ఈ మాట రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. అయినా పోస్టు చేస్తున్నాను.

సిగ్నీ


స్టోనీ నారోస్,
మార్చి 29.

సిగ్నీ,

చేశాను.

ఆఖరి మ్యాచ్‌కే చేశాను. కప్పు ఎవరిదో తేలే మ్యాచ్. మన రింకులోనే. ముందు మ్యాచ్‌లకి ధైర్యం చాలలేదు, ఫ్లాస్కు చేతిలోకి అదే వచ్చేసింది. ఆ రోజు మాత్రం బల్ల మీద వదిలేసి తలుపు వేసుకుని వచ్చేశాను. వెళ్ళి క్యాంటీన్ వైపు నిలబడ్డాను.

వచ్చాడు. బకెట్ వైపు చూశాడు. నన్ను వెతుక్కుంటూ క్యాంటీన్ దగ్గరకి వచ్చాడు.

"టీ లేదాండీ?"

"లేదండీ. ఇవాళ తేలేదు."

"ఓ," అన్నాడు. ఆ గడ్డం వెనక మొహం ఎలా మారిందో నాకు కనిపించలేదు. నువ్వు చూడమన్నావు కదా, చూశాను, గడ్డమే కనిపించింది. టోపీ సర్దుకుని, స్కేట్ల గదికి వెళ్ళిపోయాడు. కూర్చోలేదు.

ఓడిపోయాం. అదనపు సమయంలో. మనవాడి స్కేటుకే తగిలి పక్ బిళ్ళ మన గోల్లోకి వెళ్ళింది. మన గోల్‌కీపర్ కుర్రాడు మంచు మీద బోర్లా పడుకుని లేవలేదు. నేను బండి స్టార్ట్ చేసి వాడు లేచేదాకా గేటు దగ్గర ఆగాను.

నేను టీ తేలేదని మర్నాటికి ఊరందరికీ తెలిసింది. పెట్రోలు బంకు నడిపే బడ్డీ, "ఏం థోరా, ఫ్లాస్కు పగిలిందా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కళ్ళు నవ్వలేదు. పోస్టాఫీసులో ఇద్దరు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. డెల్ఫీన్ మాత్రం మొహం మీదే అడిగింది: "ఎవరు నేర్పారే నీకు ఈ బుద్ధి? అంత చదువుకున్న బుద్ధి నీది కాదే!" నీ పేరు చెప్పలేదు.

మైరన్ కనిపించడం లేదు. బస్సు కడిగి షెడ్లో పెట్టి, డాఫిన్ పట్నం దగ్గర వాళ్ళ అక్కగారి ఊరికి వెళ్ళాడట. ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. సీజన్ అయిపోయింది. ఏ మాటా అడగలేదు.

మార్చి ఎప్పుడూ నాకు మంచి నెల కాదు. నీకు జవాబు దొరికింది. దొరికిందని మాత్రం రాయకు.

థోరా


హాలిఫాక్స్,
ఏప్రిల్ 8.

వదినా,

రాయను.

ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. నీ గురించి భయపడే అదంతా రాశానని ఇన్నాళ్ళూ నన్ను నేనే నమ్మించుకున్నాను. కొంత నిజం కూడా. కానీ ఆకుపచ్చ ఫ్లాస్కు అని తెలిసిన రోజు నుంచి నేను చదివింది నీ ఉత్తరాలు కాదు. ఆ మూత అంచుకి ఇంకెవరి మూతో తగులుతోందని ఊహించుకోవడమే నా పనైంది. చేపలు పట్టడానికి వెళ్ళినప్పుడు అన్నయ్య ఆ మూతలో సగం టీ తాగి నాకిచ్చేవాడు, పెదవులు కాల్చుకోకే అని. ఆ మాట నీకు రాస్తే నువ్వు అర్థం చేసుకునేదానివి. రాయలేదు. దాని బదులు నీ పుస్తకాల మీదా ఆ మనిషి మీదా పడ్డాను. అనుమానం చదువుకున్నదానిలా కనిపిస్తుంది కదా. అసూయ అలా కనిపించదు.

ఇది కూడా నిజమో, లేక మంచిదాన్ని అనిపించుకోవడానికి రాస్తున్నానో, నాకు నమ్మకం లేదు. నువ్వే చూసుకో.

ఆయన వస్తాడో రాడో నాకు తెలియదు. నీ పుస్తకాల్లో అయితే ఈపాటికి వచ్చేసేవాడు. ఈసారి వాటి మాటే నిజం కావాలని కోరుకుంటున్నాను.

సిగ్నీ


స్టోనీ నారోస్,
ఏప్రిల్ 24.

సిగ్నీ,

కూర్చుని చదువు.

నిన్న మంచు తీసేశాం. యంత్రాలు ఆపేసి, తలుపులన్నీ తెరిచి, వేడి గాలి తోలి, కరిగిన చోట నేనే గొట్టంతో నీళ్ళు కొట్టాను. నీలం గీతలు, ఎర్ర గీతలు రంగు నీళ్ళయి కాలవలోకి పోతాయి. కింద ఉత్త సిమెంటు. రింకంతా తడికుక్క వాసన. ఎవరూ రారు ఆ రోజు. అందుకే నాకిష్టం.

ఎవరో గేటు దగ్గర నిలబడ్డారు. గుర్తుపట్టలేదు. నున్నగా గీసిన మొహం, గడ్డం ఉన్న చోటంతా తెల్లగా, మిగతాదంతా ఎండకి కమిలి. చేతుల్లో రెండు కప్పులు. మాట్లాడాక తెలిసింది.

"నేల తడిగా ఉంది, జాగ్రత్త," అన్నాను. "ఇవాళ మ్యాచ్ లేదండీ."

"లేదనే వచ్చాను," అన్నాడు.

నా చేతిలో గొట్టం అలాగే పారుతోంది. ఆయనే వెళ్ళి కుళాయి కట్టేశాడు.

"ఊరంతా నా వల్లే ఓడిపోయామంటోంది."

"పక్ మీ కాలికి తగిలి లోపలికి పోలేదు కదండీ," అన్నాడు. తర్వాత మెల్లగా, "అక్క దగ్గర దూడలు పుట్టే టైము, సాయానికి వెళ్ళాను. అక్కడ అదే ఆలోచన. మీరు వద్దనుకున్నది టీనా, నన్నా? తేల్చుకోలేకపోయాను. అడిగేద్దాం, ఎలాగూ ఓడాం కదా, అనుకున్నాను."

"మంగళవారాలు ఎందుకు రాలేదు మీరు?" అనేశాను. నీ ప్రశ్న, నా నోట్లోంచి.

"మంగళవారం వస్తే అది మార్చడం అవదాండీ? నవంబర్లో ఆ శుక్రవారం తర్వాతి మంగళవారమే వద్దామనుకున్నాను. అప్పటికే గెలవడం మొదలైంది. ఇరవైమంది పిల్లలు. వాళ్ళకి తెలిస్తే నన్ను బస్సు కింద తోసేస్తారు."

ఒక కప్పు నాకిచ్చాడు. కాఫీ.

"మీకు టీ ఇష్టం కదా," అన్నాను.

"నాకు టీ పడదండీ. ఛాతీలో మంట. శీతాకాలమంతా మందు వేసుకుని తాగాను."

"మరి చెప్పొచ్చుగా!"

"గెలుస్తున్నాంగా!"

నేను నవ్వడం మొదలుపెట్టాను, ఆపలేకపోయాను. ఆ ఖాళీ రింకులో నా నవ్వు తిరిగి తిరిగి నాకే వినిపించింది. చాలాకాలమైంది అది విని.

నవ్వు తగ్గాక ఆయన అన్నది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే అది నీకే. "ఆ మూత మీద పేరు ఉందండీ. మొదటిరోజే చూశాను. అది నాకిచ్చే వస్తువు కాదు. తీసుకున్నాక మార్చడానికి లేకపోయింది. తాగే ముందు ప్రతిసారీ ఆయనకి మనసులో ఒక మాట చెప్పుకునేవాణ్ని, సీజన్ అయ్యేదాకా ఓర్చుకోండి అని. ఇకనుంచి నా కప్పు నేను తెచ్చుకుంటాను."

"సీజన్ అయ్యాక అడుగుతానన్న మాట ఏమిటి?" అన్నాను.

చుట్టూ చూశాడు. "ఆ బకెట్ మీద నడుం పోతోందండీ. మీ పక్కన బెంచీ మీద కూర్చోవచ్చా?"

కూర్చున్నాడు. అంతే. పెళ్ళీ గిళ్ళీ ఏమీ లేదు, కంగారుపడకు. మంగళవారం వస్తానన్నాడు. కప్పు పోయాక, ఛాతీలో మంట పెట్టుకుని, దూడల వాసనతో వచ్చాడు. ఇలాంటి అధ్యాయం డెల్ఫీన్ పెట్టెలో ఒక్క పుస్తకంలోనూ లేదు. ఆవిడకి చెబితే, "బస్సు డ్రైవర్‌తోనా? అట్ట మీద చొక్కా విప్పించకండి, చాలు," అంది.

నీ మీద కోపం ఉందా అంటే, ఉంది. ఈ వేసవికి తగ్గుతుంది. ఈలోగా ఫ్లాస్కు నీకే పంపుతున్నాను, మూతతో సహా. నాకు కత్తి గీత ఎక్కడుందో కళ్ళు మూసుకుని కూడా తెలుసు. నువ్వు దాన్ని అల్మరాలో పెట్టి దాచకు. టీ పోసుకుని తాగు. పెదవులు కాల్చుకోకు.

థోరా


హాలిఫాక్స్,
మే 7.

వదినా,

ఫ్లాస్కు అందింది. ఇవాళ ఫెర్రీ మీద మూతలో టీ పోసుకుని, సగం తాగి, మిగతా సగం చల్లారేదాకా చేత్తో పట్టుకుని కూర్చున్నాను. బొటనవేలి కింద అన్నయ్య పేరు. ఏడవలేదు. కొంచెం ఏడ్చాను.

మైరన్ మీద నాకు అనుమానం పూర్తిగా పోయిందని రాస్తే నువ్వు నమ్మవు. శీతాకాలమంతా పడని టీ తాగినవాడు రేపు ఇంకేం దాస్తాడో అని ఒక మూల అనిపిస్తూనే ఉంది. అది నా జబ్బు. జూన్‌లో వస్తాను. చూస్తాను. ఆయనకి కాఫీ నేను కలుపుతాను.

నా వెనక సీటు పిల్ల ఇవాళ మళ్ళీ అడిగింది, ఆ గోల్‌కీపర్ సంగతి ఏమైంది మేడమ్ అని. చివరి అధ్యాయం కుక్క తినేసిందని చెప్పాను. "అయ్యో, నేను చెప్పనా?" అంది. వద్దని చెవులు మూసుకున్నాను. అందరూ చూశారు.

డెల్ఫీన్ పెట్టెలో ఇంకో ప్రతి ఉంటుంది. అడిగి పంపు. ఏం జరుగుతుందో నాకు తెలుసు.

అయినా పంపు.

సిగ్నీ